కోటు మీద పడ్డ లాఠీ

మా అక్క కృష్ణకుమారి మొదటిసారి దెబ్బ తిన్నది కోర్టు హాల్లోనే. అప్పటికి సర్కారు వకీలుగా చేరి ఏడాది కూడా కాలేదు. బడంగ్‌పేట దిక్కు ఒకాయన గెట్టు తగాదాలో సొంత తమ్ముని చెయ్యి గొడ్డలితో నరికాడు. తమ్ముని పక్షాన, అంటే సర్కారు తరఫున, అక్క వాదించింది. మేజిస్ట్రేటు మూడేండ్ల శిక్ష చదివి వినిపించాడో లేదో, ఆ మనిషి బోనులోంచి ఒక్క దుంకు దుంకి అక్క జుట్టు పట్టుకుని ముఖాన్ని టేబులుకేసి కొట్టాడు. కానిస్టేబుళ్ళు వాణ్ణి లాగేలోపు ఇంకోసారి కొట్టాడు. ముందుపన్ను విరిగి ఫైలు మీద పడింది.

పెదవికి కుట్లు వేయించుకుని ఇంటికొచ్చిన బిడ్డను చూసి అమ్మ గుండెలు బాదుకుంది.

"గీ కొలువు మనకొద్దు బిడ్డా. షాపుల కూసో. చీరెలమ్ముకోని బతుకుదాం."

"వాని తమ్మునికి చెయ్యే పోయిందమ్మా. నాకు పన్నే గద" అన్నది అక్క. కుట్ల వల్ల మాట సరిగా రాలేదు. అయినా మర్నాడు పొద్దున కోర్టుకు పోయింది.

మేము పోచంపల్లి పక్క ఊరి పద్మశాలీలం. నాన్న మార్కండేయులు మగ్గం వదిలి దిల్‌సుఖ్‌నగర్ సందులో చీరల షాపు పెట్టాడు. ఆయన పోయాక షాపు నా చేతికొచ్చింది. అక్క లా చదివి, సర్కారు పరీక్ష రాసి, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ అయింది. మా కులంలో, మా వాడకట్టులో అంత కొలువు చేసిన ఆడపిల్ల అంతకుముందు లేదు. పోలీసులు పట్టుకొచ్చిన కేసును సర్కారు తరఫున నిలబడి వాదించడం ఆమె పని. దొంగతనాలు, కత్తిపోట్లు, పెండ్లాన్ని తన్నిన మొగుళ్ళు, మామ మీద కిరోసిన్ పోసిన అల్లుళ్ళు. ఎల్‌బీ నగర్ కోర్టులో పదేండ్లకు పైగా రోజూ రక్తం మాటలే విని, రక్తం మాటలే మాట్లాడి, సాయంత్రం నా షాపు గల్లా పక్కన కూర్చుని చాయ్ తాగేది. పెండ్లి చేసుకోలేదు. ఎవరన్నా అడిగితే "తీరిక దొరకలె" అనేది.

పోలీసులంటే ఆమెకు గౌరవమే. ముఖ్యంగా కోర్టు డ్యూటీ చేసే కానిస్టేబుల్ దశరథ అంటే నమ్మకం. సాక్షులను వెతికి తెచ్చేది, ఏడ్చే ఆడవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చేది అతనే. అక్క అతనితో కలిసి ఎందరినో జైలుకు పంపింది. దానికి గర్వపడేది.

తర్వాత రెండువేల తొమ్మిది డిసెంబరు వచ్చింది. తెలంగాణ ఇస్తున్నామన్నారు, రెండు వారాలు తిరగకుండానే మాట మార్చారు. దిల్‌సుఖ్‌నగర్ భగ్గుమంది. బంద్ మీద బంద్. హాస్టళ్ళ పిల్లలు రోడ్ల మీదే. వకీళ్ళు కోర్టులు బహిష్కరించి ఎల్‌బీ నగర్ చౌరస్తాలో కూర్చున్నారు. మా ఇంట్లో అందరం తెలంగాణ కావాలన్నవాళ్ళమే, అక్క కూడా. కానీ సర్కారు జీతం తీసుకునే మనిషి కాబట్టి నల్లకోటు వేసుకుని, చౌరస్తాలో తోటి వకీళ్ళ తిట్లు తింటూ కోర్టుకు పోయేది.

జనవరిలో ఒక బంద్ నాడు మధ్యాహ్నం మెయిన్ రోడ్డు మీద పెద్ద చప్పుడైంది. సందులోంచి ఉరికి చూస్తే బస్సు మండుతోంది. అద్దాలన్నీ పగిలి ఉన్నాయి, రోడ్డంతా రాళ్ళు, పిల్లలు నాలుగు దిక్కులా పరుగెడుతున్నారు. డ్రైవర్ కిటికీలోంచి బయటపడి డివైడర్ మీద పడి ఉన్నాడు. రెండు చేతుల తోలు చేతి తొడుగుల్లా వేళ్ళ కొసలకు జారి వేలాడుతోంది. చెంప ఒకటి పూర్తిగా కాలింది. అరవడం లేదు, నోరు మాత్రం తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. పక్క హోటల్ నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి పోశాం. ఆటోలో వేసి దవాఖానకు తీసుకుపోయాను. ఆ వాసన నా అంగీకి చాలా రోజులు పోలేదు. చివరికి అంగీనే పారేశాను.

అతని పేరు జానయ్య. కొంచెం మాట వచ్చాక నాతో పాటు అక్క కూడా చూడ్డానికి వచ్చింది. చేతులు రెండూ గుడ్డలతో చుట్టి దిండ్ల మీద పెట్టారు.

"నేను గూడ తెలంగాణోన్నే గదమ్మా" అన్నాడు జానయ్య. "నల్లగొండ జిల్లా మాది. పొద్దుగాల నేనెల్లేటప్పుడు నా బిడ్డ జై తెలంగాణ అని చెయ్యి ఊపింది. బస్సు మీద కోపమైతే నన్ను దిగనియ్యరాదే?"

"పెట్రోలు పోసినోన్ని చూసినవా?" అక్క అడిగింది.

"చూసిన. నడీడు మనిషి. గుబురు మీసాలు. నా కండ్లల్లకు చూసుకుంటనే సీసా ఇసిరిండు. పోరగాండ్లు రాళ్ళేసిన్రు, అబద్ధమెందుకు. కానీ మంట పెట్టింది వాడే. 'డ్రైవరన్న లోపలున్నడు, ఆగున్రి' అని ఒక పోరడు ఒర్లిండు గూడ."

పోలీసులు గుబురు మీసాలవాణ్ణి పట్టుకోలేదు. హాస్టల్ గది తలుపు పగలగొట్టి శేఖర్ అనే డిగ్రీ పిల్లవాణ్ణి ఎత్తుకుపోయారు. ఏ ఠాణా అన్నది ఇప్పుడెందుకు, ఇన్‌స్పెక్టర్ పేరు మాత్రం చక్రపాణి. కొన్నాళ్ళు లెక్కల్లో చూపకుండా లోపలే ఉంచుకుని, ఆ తర్వాత అప్పుడే అరెస్టు చేసినట్టు కోర్టుకు తెచ్చారు.

ఆ రోజు కోర్టు హాల్లో వకీలంటూ ఉన్నది మా అక్క ఒక్కతే. మిగతావాళ్ళను చౌరస్తాలోంచి పొద్దున్నే వ్యాన్లలో ఎక్కించుకుపోయారు. శేఖర్ తరఫున మాట్లాడే దిక్కు లేదు. దశరథ జబ్బ పట్టుకుని అతన్ని లోపలికి తెచ్చాడు. అక్క చూపు కాళ్ళ మీద పడింది. పిల్లవాడు పాదం మోపకుండా, అంచుల మీద నిలబడుతున్నాడు.

"పోలీసులు నిన్ను కొట్టారా?" మేజిస్ట్రేటు అడిగాడు. ఎవర్ని తెచ్చినా అడగాల్సిన ప్రశ్నే.

శేఖర్ తలుపు దగ్గర నిలబడ్డ చక్రపాణి వైపు చూశాడు. "లేదు సార్."

సర్కారు వకీలు లేచి "రిమాండుకు పంపండి" అనాలి. అంతే పని. అక్క లేచింది.

"సర్, ముద్దాయి నిలబడలేకపోతున్నాడు. చెప్పులు తీయించి చూడండి."

"మేడం!" అన్నాడు చక్రపాణి తలుపు దగ్గర నుంచే.

మేజిస్ట్రేటు ఒక్క క్షణం అక్కను చూసి, తీయమన్నాడు. దశరథ వంగి చెప్పు లాగాడు. రాలేదు. రక్తం ఎండి అంటుకుపోయింది. ఇంకొంచెం గట్టిగా లాగితే చెప్పుతో పాటు అరికాలి తోలు లేచి వచ్చింది. లోపల నల్లగా, చీలికలు చీలికలుగా, పండి పగిలిన పుచ్చకాయలాగుంది. పిల్లవాడు నేల మీద కూలబడి, "సార్, నిన్నటి సంది ఒంటికి నల్లగ పోతున్న" అన్నాడు, అదేదో తన తప్పయినట్టు.

మేజిస్ట్రేటు అంతా రాయించి, జైలుకు కాకుండా దవాఖానకు పంపించాడు. దెబ్బలకు కండ చితికి ఆ విషం కిడ్నీల్లోకి దిగిందని, ఇంకో రోజు ఆగితే చచ్చేవాడని డాక్టర్ చెప్పాడు. ప్రాణం నిలిచింది గానీ కుడి పాదంలో విరిగిన ఎముకలు వంకరగా అతుక్కున్నాయి.

వరండాలో చక్రపాణి అక్కకు అడ్డంగా నిలబడ్డాడు.

"మీరు ఎవరి వకీలు మేడం?"

"సర్కారు వకీలును."

"మరి సర్కారు నోట్లెనే మన్ను కొట్టిన్రేంది?"

"బస్సు కాల్చినోనికి గుబురు మీసాలున్నయని డ్రైవర్ చెప్తున్నడు. గీ పిల్లగానికి మీసమే సక్కగ రాలె. అసలోన్ని పట్టుకరాన్రి, వానికి బెయిలు రాకుంట నేను కొట్లాడుత."

"అసలోడు ఎవడో మీకెందుకు? మేమిచ్చిన కాయితం మీరు చదవాలె. గంతే."

"చదివిన. గంట్ల అబద్ధముంది" అని అక్క పక్కనుంచి నడిచి వెళ్ళింది. ఇంటికొచ్చి నాకు ఇదంతా చెప్పింది.

ఆ వారమే శేఖర్ బెయిలు వాయిదా. అతని తల్లి సుమిత్రమ్మ ఊరి నుంచి ఎల్‌బీ నగర్ బస్సు దిగి కోర్టుకు నడిచి వచ్చింది. అదే సమయానికి వకీళ్ళ ఊరేగింపు గేటు దాకా వచ్చింది. ఎటువైపు నుంచి వచ్చిందో ఒక రాయి ఎగిరి పోలీసు హెల్మెట్‌కు తగిలింది. అంతే, లాఠీలు లేచాయి. తలలు, మోకాళ్ళు, వేళ్ళు అన్న తేడా లేదు. ముసలి వకీలొకాయన కళ్ళద్దాల కోసం వంగితే వీపు మీద వరసగా కొట్టారు. పడినవాళ్ళను తన్నుకుంటూ మురిక్కాలువ దాకా దొర్లించారు. ఒకాయన గేటు ఎక్కి దాటబోతే కాళ్ళు పట్టి కిందికి గుంజారు, గేటు మీది ఇనుప ముల్లు తొడలో దిగింది.

సుమిత్రమ్మ ఆ తొక్కిసలాటలో బోర్లా పడింది. అక్క లోపలి నుంచి ఉరికొచ్చి ఆమెను లేపడానికి వంగింది. లాఠీ ఎడమ చెవి మీద పడింది. రెండోది మెడ మీద.

నాకు ఫోనొచ్చి పోయేసరికి గేటు దగ్గర చెప్పులు, ఫైళ్ళు, కళ్ళద్దాలు, రక్తం. అక్క సుమిత్రమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడి ఉంది. చెవిలోంచి రక్తం మెడ మీదుగా వకీళ్ళు కట్టుకునే తెల్ల బ్యాండులోకి కారుతోంది. ఆ ముసలామె తన కొంగు చెవికి అదిమిపట్టి, "కొడుకును సంపబోయిన్రు, గిప్పుడు గీ తల్లిని సంపుతున్రు" అని ఒకటే ఏడుపు.

కర్ణభేరి పగిలి, లోపలి నరం చితికిపోయింది. ఆ చెవి ఇక వినపడదన్నారు డాక్టర్లు.

ఇంటికి తెచ్చిన కొన్నాళ్ళకు ఒక పొద్దున దశరథ వచ్చాడు. యూనిఫాం లేదు. చేతిలో పండ్ల సంచి. గడప దాటకుండా నిలబడ్డాడు. అమ్మ అతన్ని గుర్తుపట్టి కుర్చీ వేయబోయింది.

"ఒద్దమ్మా" అన్నాడు. తర్వాత అక్కతో, నేల చూస్తూ, "నేనే మేడం. మిమ్ముల కొట్టింది నేనే. నల్లకోట్లు కనవడితే కొట్టున్రని ఆర్డర్. కోటు చూసిన మేడం, ముఖం చూడలె. దేవుని మీద ఒట్టు. ముఖం చూస్తే చెయ్యి లేసేదా?"

అక్కకు వినపడలేదేమోనని నేను కుడివైపుకు జరిగి మళ్ళీ చెప్పబోయాను. చెయ్యెత్తి వద్దన్నది.

"నాది గాని ముఖమైతే కొట్టొచ్చునా దశరథా?"

దశరథ పండ్ల సంచి గడప దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ ఆ పండ్లు ముట్టలేదు, పారేయనూ లేదు. అక్కడే మెత్తబడి ఈగలు ముసిరితే చివరికి నేనే తీసేశాను.

ఆఫీసు నుంచి మెమో వచ్చింది. సర్కారు తరఫున ఉండి ముద్దాయికి ఎందుకు సాయం చేశావని. జవాబు ఇచ్చేలోపే దూరం జిల్లాకు బదిలీ వచ్చింది. అక్క ఆ రెండు కాగితాలూ చదివి, మూడోది తను రాసింది. రాజీనామా.

"పన్ను పాయె, చెవు పాయె, గిప్పుడు కొలువు గూడ పాయె" అన్నది అమ్మ. "ఇంకేం మిగిలిందే నీకు?"

"సనద్ ఉన్నదమ్మా" అన్నది అక్క. వకీలుగా వాదించడానికి ఇచ్చే పట్టా ఉందని ఆమె అర్థం.

షాపు పైన సరుకు పెట్టుకునే గది ఖాళీ చేసి ఇచ్చాను. అట్ల మొదలైంది ప్రైవేటు ప్రాక్టీసు. మొదట్లో మెట్లెక్కే మనిషి లేడు. పోలీసులకు మద్దతుగా పదేండ్లు వాదించిన మనిషని ఉద్యమం వాళ్ళకు అనుమానం, ఇన్‌స్పెక్టర్‌ను ఎదిరించిన మనిషని ఠాణాల దగ్గర తిరిగే పైరవీకార్లకు భయం. మెల్లగా దెబ్బలు తిన్న పిల్లల తల్లులు రావడం మొదలైంది. ఒకామె కొడుకు విరిగిన వేళ్ళు చూపించింది. ఒకామె మొగుని చితికిన దవడ ఫోటో తెచ్చింది. అంతకుముందు అక్క మాటకు వెనుక సర్కారు ఉండేది. ఇప్పుడు అదే కోర్టులో, అదే గుమాస్తాల ముందు, తన వంతు కోసం బల్ల చివర కూర్చోవాల్సి వచ్చింది. ఎదుటివాళ్ళ మాట వినపడక తల పక్కకు తిప్పితే కుర్ర వకీళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె పట్టించుకోలేదు.

సుమిత్రమ్మ కూడా వచ్చింది. కొడుకును చావగొట్టిన చక్రపాణి మీద కేసు వేయాలంది. అక్క ఆమెను తన సీనియర్ స్నేహితుడు భానుమూర్తిగారి దగ్గరికి తీసుకుపోయింది. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడ్డ పెద్ద వకీలాయన.

"నువ్వు ఆ కుర్రాడి పాదాలు కళ్ళారా చూసిన సాక్షివమ్మా" అన్నాడాయన అక్కతో. "సాక్షి, వకీలు ఒక్కరే ఎలా అవుతారు? ఈ కేసు నేను చూస్తాను. నువ్వు వచ్చి నిజం చెప్పు, చాలు."

సుమిత్రమ్మ అక్క చెవిలో, అదీ వినపడని చెవిలో, "ఆంధ్రాయన మనకు చేస్తడా?" అని గుసగుసలాడింది. అక్కకు వినపడలేదు గానీ ఆయనకు వినపడింది.

"ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే చేస్తున్నానమ్మా. ఇవాళ మీకు చెయ్యనని ఎందుకనుకుంటారు?" అని నవ్వాడు.

కేసు విచారణకు రావడానికి రెండేండ్లు పట్టింది. అక్క సాక్ష్యం చెప్పాల్సిన ముందురోజు మధ్యాహ్నం భానుమూర్తిగారు మా షాపు పైగదిలో కూర్చుని ఆమెతో మాట్లాడుతున్నారు. నలుగురు మనుషులు షాపులోకి రాకుండా నేరుగా మెట్లెక్కారు. "ఆంధ్రోళ్ళ ఏజెంట్లు! జై తెలంగాణ!" అన్న అరుపు వినపడింది, వెంటనే అద్దం పగిలిన చప్పుడు. చీర కొలిచే ఇనుప గజం బద్ద చేతిలోనే ఉంది, దాంతోనే పైకి ఉరికాను.

ఒకడు ఇనుప రాడ్డుతో భానుమూర్తిగారి నుదుటి మీద కొట్టాడు. ఆయన కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఇంకొకడు అల్మారా మా అక్క మీదికి తోశాడు. ఆమె తప్పించుకుని స్టూలు ఎత్తి వాని ముఖం మీద విసిరింది. వాని ముక్కు చితికి రక్తం గోడకు చిమ్మింది. నేను బద్దతో ఒకని మోచేతి మీద కొడితే ఎముక కటుక్కుమన్నది నాకే వినపడింది. జీవితంలో ఎవర్నీ కొట్టనివాణ్ణి, ఆ చప్పుడుకు ఆగిపోయాను. ఆ ఆగడంలోనే మూడోవాడు పగిలిన అద్దం ముక్కతో నా ముంజేయి చీరాడు. కింద షాపుల వాళ్ళు అరుచుకుంటూ మెట్లెక్కేసరికి నలుగురూ తోసుకుంటూ దిగి పారిపోయారు.

అప్పటికి బెయిలు మీద బయట ఉన్న శేఖర్ సాయంత్రం వచ్చి చూశాడు. కుంటుకుంటూ గదంతా తిరిగి, గోడ మీది రక్తం చూసి, "అన్నా, నేను ఉద్యమంల అందర్ని ఎరుగుదు. మీరు చెప్పిన గుర్తులున్నోళ్ళు మావోళ్ళల్ల లేరు. మా నినాదాన్ని అరువు తెచ్చుకున్నరు" అన్నాడు. వాళ్ళను పంపిందెవరో ఈ రోజుకీ రుజువు కాలేదు. అందుకే ఎవరి పేరూ చెప్పను.

మర్నాడు భానుమూర్తిగారు తలకు కట్టుతో కోర్టుకు వచ్చారు. కట్టులోంచి రక్తం కొంచెం కొంచెం ఊరుతూనే ఉంది. అక్క బోనెక్కింది. పదేండ్లు ఆమె ఎందరినో ప్రశ్నించిన బోను అది.

చక్రపాణి వకీలు లేచాడు. "లాఠీ దెబ్బకు మీ చెవి పోయింది. ఆ పగతోనే ఈ సాక్ష్యం చెబుతున్నారు. నిజమా కాదా?"

"చెవి పోయింది తర్వాత. పాదాలు చూసి చెప్పింది ముందు. ఆ రోజు నేను సర్కారు మనిషినే."

"ముద్దాయిని కాపాడటం ప్రాసిక్యూటర్ పనా?"

"చావకుండ చూడటం అందరి పని."

తర్వాత దశరథను పిలిచారు. చెప్పు లాగింది అతనే కదా. భానుమూర్తిగారు ఎన్ని విధాల అడిగినా ఒకటే జవాబు. "గుర్తులేదు సార్." ఆ పిల్లవాని పాదం గుర్తులేదు, చెప్పు గుర్తులేదు, ఆ రోజే గుర్తులేదు. దిగి పోయేటప్పుడు అక్క ముందు నుంచే పోవాలి. తల ఎత్తలేదు. అతనికి పిల్లలున్నారు, చక్రపాణి కింద కొలువు ఉంది. అదంతా అక్కకు తెలుసు. అయినా ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

డాక్టర్ మాట, అక్క మాట నిలబడ్డాయి. చక్రపాణికి రెండేండ్ల శిక్ష పడింది. అప్పీలులో అది ఏడాదికి తగ్గింది. ఆ ఏడాది జైలులో గడిపాడు. తీర్పు రోజు సుమిత్రమ్మ కోర్టు వరండాలో కూర్చుని మన్ను పిడికిట్లోకి తీసుకుని అతని వీపు మీద చల్లింది. ఎవరూ ఆపలేదు.

రెండువేల పద్నాలుగు జూన్‌లో తెలంగాణ వచ్చింది. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఆడవాళ్ళు బతుకమ్మలాడారు, మగవాళ్ళు పటాకులు పేల్చారు. అమ్మ కూడా వెళ్ళి వచ్చింది. కొన్నాళ్ళకు ఉద్యమం కేసులన్నీ ఎత్తివేస్తున్నట్టు చెప్పారు. శేఖర్ మీది బస్సు కేసు కూడా పోయింది. మిఠాయి డబ్బా తెచ్చి ఇచ్చాడు.

ఆ తర్వాత వారం జానయ్య మెట్లెక్కాడు. అతుక్కుపోయిన వేళ్ళతో రెయిలింగు పట్టుకోలేక, మోచేతులు ఆన్చి ఎక్కాడు. స్టీరింగు పట్టడం ఎప్పుడో పోయింది, బడంగ్‌పేటలో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉంటున్నాడు.

"అక్కా, కేసు తీసేసిన్రంట. మంచిదే. పోరగాండ్ల బతుకులు ఆగం గావద్దు. మరి నన్ను కాల్చినోడో? వాడు గూడ అండ్లనే పోయిండా?"

ఆ గుబురు మీసాలాయన పేరు విజయ్‌కుమార్ అని జానయ్య ఎప్పుడో కనుక్కున్నాడు. ఇప్పుడు కాలనీలో లీడరు, ప్రతి దండలోనూ అతని మెడే.

జానయ్య వెళ్ళాక అక్క శేఖర్‌ను పిలిపించింది. నేను అక్కడే ఉన్నాను.

"పెట్రోలు పోసినోన్ని నువ్వు చూసినవా?"

శేఖర్ కిటికీ వైపు తిరిగాడు. "చూసిన. విజయ్ అన్ననే. ఠాణాల గన్ని దెబ్బలు తిన్న, ఆయన పేరు చెప్పలె. ఉద్యమం బద్నాం అయితదని."

"ఆగమని ఒర్లింది నువ్వేనా?"

అవునంటాడని నేను ఎదురు చూశాను. "నేను గాదక్కా. ఎవడో. నేను రాయి ఏసిన, ఉరికిన."

"ఇను శేఖర్" అన్నది అక్క. "జానయ్య తరఫున నేను హైకోర్టుకు పోత. మనిషిని కాల్చిన కేసు ఎట్ల తీసేస్తరని అడుగుత. నేను గెలిస్తే కేసు మల్ల తెరుస్తరు. నువ్వు సాక్ష్యం చెప్పాలె. రాయి ఏసినందుకు నువ్వు గూడ మల్ల బోనెక్కాలె. గిది దాచి నిన్ను రమ్మనను. నేను నీ వకీలును గాదు, నువ్వు వేరే వకీలును అడిగి సోంచాయించుకో."

"నా అసొంటోన్ని బోనెక్కిస్తవా అక్కా? నా కాలు చూసినంక గూడ?"

"నీ కాలు చూసిన. జానయ్య చేతులు గూడ చూసిన."

అతను కుంటుకుంటూ మెట్లు దిగిపోయాడు. చాలా రోజులు రాలేదు. అక్క అతని కోసం ఆగకుండా పిటిషన్ వేసింది. వేసిన నాటి నుంచి షాపు షట్టరు మీద బూతులు రాయడం, చీరల మీద ఆయిలు పోయడం మొదలైంది. తోటి వకీళ్ళే అక్కను "ఉద్యమద్రోహి" అన్నారు. లాఠీచార్జి నాడు ఆమె పక్కనే దెబ్బలు తిన్నవాళ్ళు కూడా. దానికి మాత్రం ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

హైకోర్టు అక్క మాట విన్నది. మనిషిని కాల్చిన నేరం వరకు కేసు మళ్ళీ తెరిచారు. ఒక సాయంత్రం శేఖర్ వచ్చి, "చెప్త అక్కా" అన్నాడు. వెంటనే మెట్లు దిగాడు.

అతను ఒప్పుకున్న సంగతి బయటికి పొక్కింది. నాగోల్ బ్రిడ్జి మీద మోటారు సైకిళ్ళ మీద వచ్చి అతని స్కూటరును తన్నారు. పడ్డవాణ్ణి క్రికెట్ బ్యాట్లతో కొట్టారు. మెడ పక్క కాలర్ ఎముక విరిగింది, మంచి కాలుకు మోకాలి చిప్ప పగిలింది. సుమిత్రమ్మ దవాఖానలో అక్క మీద విరుచుకుపడింది. "ఒకసారి బతికిచ్చినవు, ఇంకోసారి సంపుతున్నవు! నాకు ఒక్కడే కొడుకు." అక్క రోజూ పొద్దున అన్నం డబ్బా తీసుకుని ఆ మంచం దగ్గరికి పోయింది. సుమిత్రమ్మ తీసుకోకపోతే తలాపున పెట్టి వచ్చింది.

శేఖర్ చక్రాల కుర్చీలో కోర్టుకు వచ్చి చూసింది చూసినట్టు చెప్పాడు. తను రాయి వేశానని కూడా ఒప్పుకున్నాడు. దానికి అతనికి జుల్మానా వేసి వదిలేశారు. జానయ్య బోనెక్కి విజయ్‌కుమార్‌ను చూపించమంటే వేలు చాచలేకపోయాడు. వేళ్ళు విడివిడిగా లేవు. మొత్తం చెయ్యి ఎత్తి చూపించాడు.

విజయ్‌కుమార్‌కు ఏడేండ్లు పడింది. తీర్పు విని అతని మనుషులు వరండాలో కుర్చీలు ఎత్తి పగలగొట్టారు. ఒక కుర్చీ కాలు వచ్చి అక్క భుజానికి తగిలింది. పోలీసులు లాఠీలు తీసి వాళ్ళ మీదికి ఉరికారు. ఒకణ్ణి గోడకు అదిమి డొక్కలో పొడుస్తుంటే అక్క దెబ్బ తగిలిన తన భుజం పట్టుకుని అటు నడిచి, "పట్టుకున్నరు గద, ఇంక కొట్టకున్రి" అని గట్టిగా అరిచింది. పోలీసు ఆగాడు. ఆ మనిషి దగ్గుతూ అక్కనే బూతు తిట్టాడు.

అంతా సద్దుమణిగాక జానయ్య బయట మెట్ల మీద కూర్చున్నాడు. సంతోషమా అని అడిగాను.

"ఏమో అన్నా. పానం జర నిమ్మళమైంది" అన్నాడు. "నల్లగొండ బస్సు ఎన్నింటికి? ఊరికి పోయి నా బిడ్డకు చెప్పాలె."

నేను చౌరస్తా దాకా తీసుకుపోయి బస్సెక్కించాను. తిరిగి వచ్చేసరికి అక్క వరండాలో లేదు. లోపల ఇంకో కేసు పిలిచారట. పెండ్లాన్ని కత్తితో పొడిచినవాని కేసు. వానికి బెయిలు ఇవ్వొద్దని ఆ పెండ్లాం తరఫున అక్క నిలబడి మాట్లాడుతోంది.